మెట్లపెట్టె ముందు కూర్చున్న బాలుడు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభలో మేము ఉత్తీర్ణుల సంఖ్యను, గ్రంథాలయమునకు చేరిన పుస్తకములను, ఇంకను కావలసిన బల్లలను గూర్చి చెప్పి కూర్చుండుట వాడుక. ఆ వివరములన్నియు కార్యదర్శిగారి నివేదికలో నున్నవి. వానిని మరల చదివి మీ కాలమును వ్యర్థపుచ్చము. ఈ యేడు వేరొక విషయము ముచ్చటింపదలచితిమి. అందులకు కారకులు మీలో నొకరే.

రెండు నెలల క్రిందట ఒక తండ్రిగారు మా గదికి వచ్చిరి. వారి కుమారుడు పదవ తరగతి చదువుచున్నాడు. ముచ్చటపడి వానికొక కీబోర్డు కొనియిచ్చిరట. బడినుండి రాగానే దాని ముందు కూర్చుండి అన్నము మాట కూడ మరచుచున్నాడట. "మాస్టారూ, పరీక్షలయ్యేదాకా ఆ పెట్టెను అటకెక్కించమంటారా? మీరొక్క మాట చెబితే వాడు వింటాడు" అనిరి. మేము ఔననలేదు, కాదనలేదు. ఆలోచించి చెప్పెదమని పంపితిమి. ఆ యాలోచనయే నేటి మా ప్రసంగము.

మెట్లవాద్యమును నమ్ముకొన్న మనిషి బ్రతుకు ఎట్లు నడచునో తెలియక సలహా చెప్పుట ఉచితము కాదనిపించినది. అందుచే మన చెన్నై నగరముననే పుట్టి పెరిగి, మనవారి పాటలకు కూడ కీబోర్డు వాయించిన ఒకరి వృత్తి జీవితమును శ్రద్ధగా పరిశీలించితిమి. ఆయన పేరు మీకందరకు తెలియును: ఏ. ఆర్. రహ్మాన్. ఆయన పొందిన బహుమానములు గూడ మీకు తెలియును. మేము చెప్పబోవునది ఆ బహుమానములకు ముందు గడచిన పదునైదు పదునారేండ్ల కథ.

ముందుగా ఆ వృత్తి యెట్టిదో చూతము. సినిమా పాట వినునప్పుడు పాడినవారి పేరు మనకు తెలియును. వ్రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు తెలియును. ఈ మువ్వురు గాక మరియొక మనిషి ఆ పాట వెనుక నుండును. స్టూడియోలలో ఆయనను అరేంజరు అందురు. సంగీత దర్శకుడు హార్మోనియముపై కట్టిన బాణీ కొలతతీసి కత్తిరించిన గుడ్డ వంటిది. దానిని కుట్టి తొడుగుకొనుటకు తగినట్లు చేయువాడు అరేంజరు. పల్లవికి ముందు ఏ వాద్యము పలుకవలెను, పల్లవికిని చరణమునకును నడుమ వయొలిన్లు ఎంతసేపు నడువవలెను, వేణువు ఎచ్చట జవాబు చెప్పవలెను, గాయకుడు ఊపిరి తీసికొను చోట ఏ ధ్వని నింపవలెను — ఇదంతయు నిర్ణయించి ఒక్కొక్క వాద్యకారునకు ఒక్కొక్క కాగితముపై స్వరములు వ్రాసి యిచ్చుట ఆయన పని. పూర్వము గాయకులును వాద్యకారులును ఒక్కచో చేరి ఒక్కసారిగా పాడి వాయించుచుండగా పాటను రికార్డు చేసెడివారు. అందులో ఒక్కడు తప్పినను మొదటినుండి మరల ఎత్తుకొనవలసినదే. కావున అరేంజరు కాగితము తప్పులేక యుండుట ఆ గదిలోని వారందరి కూలికి సంబంధించిన సంగతి. ఇంత చేసినను గోడపత్రికపై ఆయన పేరు పెద్దయక్షరములతో కనబడదు.

ఆర్. కె. శేఖర్ గారు ఈ నగరమున అట్టి అరేంజరు. ఆయన పని అధికముగ మలయాళ చిత్రములయందు. 1964లో వచ్చిన 'పళశ్శిరాజా' అను మలయాళ చిత్రమునకు తామే సంగీతము కూర్చిరి. ఐనను తమ పేరిట కూర్చిన చిత్రములకంటె ఎం. కె. అర్జునన్ మొదలగు ఇతర సంగీత దర్శకుల బాణీలకు వాద్యములమర్చి నడిపించినవే ఎక్కువ. 1967 జనవరి 6వ తేదీన ఆయనకు దిలీప్ కుమార్ అను కుమారుడు పుట్టెను. ఈ దిలీపే తరువాతి రహ్మాన్. 1976లో శేఖర్ గారు మరణించిరి. అప్పటికి బాలునకు తొమ్మిదేండ్లు. ఇంట తల్లి, ముగ్గురు అక్కచెల్లెండ్రు. సంపాదించువారు లేరు. తండ్రి కూడబెట్టిన వాద్యములు మాత్రము మిగిలినవి.

వానిని అమ్మివేసి, వచ్చిన సొమ్మును వడ్డీకి త్రిప్పుకొమ్మని ఆ తల్లికి సలహా చెప్పినవారు కలరట. ఆమె అమ్మలేదు. సినిమా వారికి అద్దెకిచ్చి, ఆ యద్దెతో సంసారము నీడ్చెను. అమ్మలారా, ఆమె చేసిన ఈ నిర్ణయమును మీరు గమనింపవలెను. అమ్మియున్నచో కొన్ని నెలల బియ్యము సమకూడి యుండును. పిల్లవాని చేతిక్రింద మెట్లు మాత్రము ఉండకపోయెడివి.

ఆ బాలుడు అద్దె వాద్యముల వెంట స్టూడియోలకు పోయెను. తరువాత తానే వాటి ముందు కూర్చుండి వాయించెను. ఈ నగరమున ధనరాజ్ మాస్టరు అను పాశ్చాత్య సంగీతోపాధ్యాయులుండిరి. ఇళయరాజాగారికి పియానో నేర్పినవారు వారే. దిలీప్ కూడ వారివద్దనే శిక్షణ పొందెను. చెవితో విని వాయించుట ఒకయెత్తు, కాగితముపై వ్రాసిన స్వరమును చూచి తక్షణము వాయించుట మరియొకయెత్తు. స్టూడియోలో కూలి దొరకుట రెండవ దానివలననే. గురువు నేర్పిన ఆ చదువే బాలుని పెద్దవారి సరసన కూర్చుండబెట్టెను. మీసకట్టు రాకమునుపే ఆతడు ఇళయరాజాగారి బృందమున చేరెను.

ఇక ఆతడు ఎవరెవరికి వాయించెనో వినుడు. తమిళమున ఎం. ఎస్. విశ్వనాథన్, ఇళయరాజా గార్లకు. మలయాళమున తండ్రి స్నేహితులగు అర్జునన్ గారికి. కన్నడమున విజయభాస్కర్, హంసలేఖ గార్లకు. తెలుగున రమేశ్ నాయుడు గారికి, రాజ్–కోటి గార్లకు. రమేశ్ నాయుడు గారు 'మేఘసందేశము' చిత్ర సంగీతమునకు జాతీయ బహుమానము పొందినవారు. రాజ్ గారు సంగీత దర్శకులు టి. వి. రాజుగారి కుమారులు, కోటిగారు సాలూరి రాజేశ్వరరావుగారి కుమారులు. వీరిరువురు చక్రవర్తిగారి వద్ద సహాయకులుగ పనిచేసి, తరువాత జంటగ పేరొందినవారు. 1988లో వచ్చిన 'యముడికి మొగుడు' వంటి చిత్రముల పాటలు మీలో ననేకులు చదువుకొను రోజులలో విని ఊగినవే. 2023లో రాజ్ గారు పరమపదించిరి.

ఇచ్చట మన వంటి వారికి పనికివచ్చు సంగతి యొకటి కలదు. ఒక తమిళ బాలుడు తెలుగు, కన్నడ, మలయాళ, తమిళ పాటలకు ఒకే వారమున వాయింపగలుగుటకు కారణమేమి? స్వరము వ్రాసిన కాగితమునకు భాష లేకపోవుట ఒక కారణము. రెండవది, స్టూడియో గదిలో ఎవరి భాష వారు మాటలాడుకొనుచు, పనిలో మాత్రము ఒకరినొకరు అందుకొనుట. మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో తమిళము, పుస్తకమున ఇంగ్లీషు పలుకుచు తికమకపడుదురేమో యని మీరు మావద్ద వాపోవుట కలదు. నాలుగు భాషల నడుమ పెరుగుట బరువు కాదు. సరిగా నేర్పినచో అది ఆస్తి. కోడంబాక్కము వీథులలో పనిచేసిన వాద్యకారుల బ్రతుకే అందులకు సాక్ష్యము.

ఆ కాలముననే మెట్లవాద్యము స్వభావము మారుచుండెను. మొదట అది ఇతర వాద్యముల నడుమ ఒక వాద్యము. సింథసైజరు వచ్చిన పిదప ఒక్క పెట్టెనుండియే వేణువు, వయొలిన్, గంట, గాలి హోరు పుట్టింపవచ్చునని తెలిసెను. తరువాత కంప్యూటరు సీక్వెన్సరు వచ్చెను. వాయించిన స్వరములను అది గుర్తుంచుకొని, చెప్పిన వేగమున, చెప్పిన ధ్వనితో మరల వినిపించును. 1986లో వచ్చిన 'పున్నగై మన్నన్' చిత్రమున ఇళయరాజాగారు దానిని వాడిరి. ఇట్టి యంత్రములపై యువకుడగు దిలీప్ నకు పట్టు చిక్కెను. పెద్దలకు క్రొత్తయైనది కుర్రవానికి ఆటవస్తువైనది.

ఈ చోట మీకొక చేదు నిజము కూడ చెప్పవలెను. ఒక పెట్టె పదిమంది ధ్వనిని ఈయగలిగినప్పుడు ఆ పదిమందికి పిలుపు తగ్గును. వయొలిన్, సెల్లో, షెహనాయి పట్టి దశాబ్దములు బ్రతికిన కుటుంబములు ఈ నగరమున ననేకములు అట్లే పని కోల్పోయినవి. రహ్మాన్ గారు తరువాత గొప్ప వాద్యకారులను పిలిచి వాయింపించిన మాట నిజమే. ఐనను వృత్తి మొత్తము మీద మారిన గాలిని ఎవ్వరు నాపలేకపోయిరి. కావున ఈ త్రోవ పూలబాట యని మేము మీకు చెప్పము. పేరు వచ్చిన ఒక్కనిని చూచి, పేరు రాని వందలమందిని మరచుట తల్లిదండ్రులకు తగదు, ఉపాధ్యాయులకును తగదు.

ఆయన మాత్రము ఒక్క కొమ్మనే పట్టుకొని వ్రేలాడలేదు. జాకీర్ హుస్సేన్, కున్నక్కుడి వైద్యనాథన్, ఎల్. శంకర్ వంటి విద్వాంసుల వెంట విదేశ యాత్రలలో వాయించిరి. స్నేహితులతో చేరి పాశ్చాత్య ధోరణి బృందములు నడిపిరి. లండనులోని ట్రినిటీ కళాశాల విద్యార్థి వేతనము పొంది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమున డిప్లొమా సంపాదించిరి. 1987 నుండి వ్యాపార ప్రకటనలకు చిన్న పాటలు కట్టిరి. వానిలో మొదటిది ఆల్విన్ గడియారముల ప్రకటన యని చెప్పుదురు. ఆల్విన్ అనగా మన హైదరాబాదులో వెలసిన సంస్థయే. ప్రకటన పాట ముప్పది సెకండ్లలో ముగియవలెను. వినువాడు గది దాటిపోవులోపల చెవిలో నాటుకొనవలెను. ఒక్క స్వరము వృథాపోరాదు. ఆ పొదుపు ఆయనకు తరువాత మిక్కిలి యుపయోగించెను. 1989 ప్రాంతమున కుటుంబము ఇస్లాము మతమును స్వీకరింపగా దిలీప్ కుమార్ రహ్మాన్ అయ్యెను. ఆ సంవత్సరముననే భక్తిగీతముల ఆల్బము ఒకటి వెలువడెను. ఇంటి పెరటిలో స్వంత స్టూడియో కట్టుకొనిరి. 1992లో 'రోజా' చిత్రము వచ్చెను. మొదటి చిత్రమునకే జాతీయ బహుమానము లభించెను. దాని తెలుగు పాటలు రాజశ్రీగారు వ్రాసినవి.

తరువాతి కథ మీకు తెలిసినదే గనుక త్వరగ ముగించెదము. 1994లో తిన్నగా తెలుగు చిత్రములకు సంగీతము కూర్చిరి. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సందర్భమున 'వందేమాతరం' ఆల్బము, 2002లో లండను నాటకశాలలో 'బాంబే డ్రీమ్స్' సంగీత నాటకము, 2008లో ఈ నగరముననే కె. ఎం. సంగీత విద్యాలయము. 2009 ఫిబ్రవరిలో 'స్లమ్ డాగ్ మిలియనీర్' చిత్రమునకు రెండు ఆస్కారు బహుమానములు. ఆనాడు లోకమంతయు చూచుచుండగా, ఇంగ్లీషే ఎక్కువగ వినబడు ఆ వేదికపై, భగవంతుని స్తుతించు మాటను ఆయన తమిళమున పలికిరి. ఇంటి మాట ఎంత దూరము పోయినను అడ్డురాదని మన పిల్లలకు చెప్పుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు. 2023లో ఆస్కారునందుకొన్న కీరవాణిగారు కూడ చక్రవర్తిగారి వద్ద సహాయకులుగనే పని నేర్చినవారు. ఇరువురును ముందు ఇతరుల పాటలకు ఊడిగము చేసినవారే.

సోదరులారా, ఇంతవరకు చెప్పిన కథలో ఒక్క ముక్క దాచితిమి. ఆ బాలుడు బడి చదువు పూర్తి చేయలేదు. పగలు బడి, రాత్రి స్టూడియో. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా. హాజరు తగ్గెను, మార్కులు తగ్గెను. చివరకు తల్లియు కొడుకును ఆలోచించుకొని బడి మానుకొనిరి. దీనిని చదివినప్పుడు 'చూచితిరా, బడి మానినవాడే గొప్పవాడైనాడు' అని మాకు తోచలేదు. ఇరువదేండ్లకు పైబడిన మా స్వంత తప్పు జ్ఞాపకమునకు వచ్చినది.

అప్పుడు మేము తరగతి ఉపాధ్యాయులము. తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడు చివరి బల్లపై కూర్చుండి మొదటి గంటనుండియే నిద్రపోవుచుండెడివాడు. వారమునకు రెండు మూడు దినములు రానే రాడు. రెండుమారులు గోడ కానించి నిలువబెట్టితిమి. ఎందుకు రాలేదని అడిగితిమేగాని, రాత్రి ఎక్కడ నుంటివని అడుగలేదు. హాజరు చాలదని నిబంధన చూపి పేరు కొట్టివేయుటకు వ్రాసినవారము మేమే. తల్లి వచ్చి టి.సి. కాగితము తీసికొని, కండ్ల కద్దుకొని, ఒక్క మాట లేకుండ పోయినది. వాని తండ్రి పోయినాడనియు, వాడు పెండ్లిండ్లలో పాటకచ్చేరి బృందము వెంట కీబోర్డు వాయించి తెల్లవారుజామున ఇల్లు చేరుచున్నాడనియు తరువాత మరియొక విద్యార్థివలన తెలిసినది. తెలిసిన పిదప కూడ మేము వారింటికి పోలేదు. పోయినచో ఏమి చెప్పవలెనో తెలియక పోలేదు.

వాడు రహ్మాన్ కాలేదు. ఆరేండ్ల క్రిందట వాడు మా గదిలోనికి వచ్చి, "మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?" అనెను. పట్టలేదు. ఇప్పటికిని పెండ్లిండ్లలో వాయించుచున్నాడు. ముహూర్తములు లేని నెలలలో ఒక దుకాణమున పనిచేయుచున్నాడు. కుమార్తెను మన బడిలో చేర్చుటకు వచ్చినాడు. దరఖాస్తు కాగితముపై తండ్రి చదువు అను చోట 'తొమ్మిది' అని వ్రాసి, కలమును మాకు తిరిగి యిచ్చెను. ఆ 'తొమ్మిది' మా చేతివ్రాతయే యని మాకు తోచెను. నొచ్చుకొన్న మాట ఒక్కటియు వాడనలేదు.

శేఖర్ గారి కుమారునకు తండ్రి విడిచిన వాద్యములుండెను, ధనరాజ్ వంటి గురువుండెను, తండ్రి స్నేహితులుండిరి. మా విద్యార్థికి అవి లేవు, ఉన్నదొక్క బడి. ఆ యొక్కదానిని మేము తీసివేసితిమి. ప్రతిభగల బాలుడు బడి లేకున్నను పైకి వచ్చుననుట బడికి గౌరవము కాదు. సామాన్యుడగు బాలుడు తన చిన్న విద్యతో పాటు పదవ తరగతి కాగితము కూడ చేత పట్టుకొని లోకములోనికి పోవునట్లు చూచుటయే బడి పని.

కావున ఆ తండ్రిగారికి మా సమాధానమిది. వారు ఈ సభలో నున్నారు, పేరు చెప్పము. అయ్యా, పెట్టెను అటకెక్కింపకుడు. వేళను మాత్రము నిర్ణయింపుడు. పాఠములు ముగిసిన పిదప ఒక గంట. ఆ గంటను ఎవరును లాగుకొనరాదు. మీ యింటి చుట్టములైనను, మా హోంవర్కైనను. రెండవ మాట: సినిమా పాటలు చెవితో విని వాయించి మురియుటతో తృప్తిపడక, స్వరము చదువుట, వ్రాయుట నేర్పు గురువు వద్దకు పంపుడు. యంత్రములు మారును; ఆ చదువు మారదు. మూడవ మాట: పదవ తరగతి దాటువరకు రాత్రి కచ్చేరులకు పంపి ఆ డబ్బుకు ఆశపడకుడు. ఇంట జరుగుబాటు లేక పంపవలసి వచ్చినచో సిగ్గుపడక ముందుగా మాకు చెప్పుడు. సంఘములో పెద్దలున్నారు, దారి వెదకెదము.

మా వంతు కూడ చెప్పవలెను గదా. ఈ సంవత్సరమునుండి చివరి గంట కొట్టిన పిదప సంగీతపు గది ఒక గంటసేపు తెరచియుండును. అందు రెండు హార్మోనియములున్నవి. ఒకదాని తిత్తి చినిగినది, బాగుచేయింతుము. మరియొక నియమము: ఏ విద్యార్థి యైనను వరుసగ మూడు దినములు రాకున్నచో, నాలుగవ దినమున తరగతి ఉపాధ్యాయులు వారి యింటికి పోవలెను. రిజిస్టరులో ఎర్రసిరాతో వ్రాయుటకు ముందు గుమ్మము తట్టవలెను. ఉపాధ్యాయులకు తీరిక లేనినాడు మేమే పోయెదము. అప్పుడు మేము వేళగాని వేళ వచ్చితిమని మీరు విసుగుకొనవలదు. ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి, పిల్లవాడు రాత్రి ఎక్కడ నున్నాడో నిజము చెప్పుడు.

 ఇక పిల్లల కార్యక్రమము మొదలగును. మొదటి ప్రార్థన గీతమునకు కీబోర్డు వాయించువాడు ఆ పదవ తరగతి బాలుడే. కొంచెము తడబడినను చప్పట్లు కొట్టుడు.